గజం తాడు

మొన్న చలికాలంలో రైడింగ్ స్కూల్లో కొత్తగా చేరిన ఇద్దరు మాస్టర్లు మా ఇంటికి వచ్చారు. ప్రాక్టీస్ షో ఎలా పెట్టాలో రాసిమ్మని అడిగారు. ఒక కాగితం మీద పది పాయింట్లు రాసిస్తే సరిపోతుందనుకున్నట్టున్నారు. పది పాయింట్లతో వచ్చే పనే అయితే నేను ముప్పై ఎనిమిదేళ్ళు గుర్రాల వెనక తిరిగేవాణ్ణి కాదు. అందుకని కాస్త పెద్దదే రాస్తున్నాను. ఇందులో నా గొప్పలు తక్కువ. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. దాన్ని దాచి మిగతాదంతా చెబితే మీకు పని చెప్పినట్టు కాదు.

షో ఎవరి కోసం

జంషెడ్‌పూర్‌లో మా మైదానానికి వచ్చేవాళ్ళెవరూ గుర్రం మీద బతికేవాళ్ళు కారు. ఒక పళ్ళ డాక్టరు, జుగ్సలాయిలో ఇనపసామాన్ల కొట్టున్న పెద్దమనిషి, ఇద్దరు ముగ్గురు టీచర్లు, కార్ఖానాల్లో షిఫ్టు దిగి తిన్నగా ఇటే వచ్చేవాళ్ళు. తెల్లారి ఆరింటికి గుర్రమెక్కి, ఏడున్నరకి దిగి, ఎవరి పనికి వాళ్ళు పోతారు. వాళ్ళు ఎప్పుడో ఒకసారి బయటి ఊరి పోటీకి వెళ్ళి నలుగురిలో వణికిపోయే ముందు, మనవాళ్ళ మధ్య ఒకసారి వణకడానికి పెట్టేదే ప్రాక్టీస్ షో. దానికి కప్పులు వద్దు. ముఖ్య అతిథి అసలే వద్దు. ముఖ్య అతిథి వస్తే ఆయన కోసం గంట ఆగాలి. మనుషులు ఆగుతారు, జీను కట్టి ఒళ్ళు వేడెక్కించిన గుర్రం ఆ గంటలో సగం చల్లారిపోతుంది.

మైకు ఎవరి చేతికైనా ఇవ్వండి గాని, పాల్గొనే పిల్లల తండ్రికి ఇవ్వకండి. భయపడే రైడర్ని మొదటా పంపకండి, చివరా పంపకండి. మధ్యలో పంపండి. డాక్టరు మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ‘ఫోన్ చేస్తే వచ్చేస్తారు’ అనే డాక్టరు ఉన్నా లేనట్టే. ఇక గుర్రాన్ని సాకే సయీసు ‘ఇవాళ దీన్ని తియ్యొద్దు’ అంటే తియ్యొద్దు. కారణం అడగొద్దు. అతను చెప్పలేకపోవచ్చు, అతని చేతికి తెలుస్తుంది.

ఈ ఆఖరి మాట నేను పాతికేళ్ళు పాటించాను. ఒక్కసారి పాటించలేదు.

రిసాల్దారు సాహెబు

మా నాన్న టాటానగర్‌లో రైల్వే ఫిట్టరు. ఇచ్ఛాపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నాకు ఇరవై ఏళ్ళప్పుడు రైల్వేలో చేరమంటే చేరకుండా గుర్రాల దగ్గర పనికి కుదిరాను. ‘‘ఇనప గుర్రం కడుపునిండా కూడెడతాది. ఈ పేడేసే గుర్రం ఏటెడతాదిరా నీకు?’’ అన్నాడు మా నాన్న. నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు.

అప్పటి మా స్కూలు పెద్ద మాస్టరు అశ్వదళంలో పనిచేసి వచ్చినాయన. అందరూ రిసాల్దారు సాహెబు అనేవాళ్ళం. జంపులు కట్టడం నాకు నేర్పింది ఆయనే. జంపు అంటే రెండు స్టాండ్ల మీద పెట్టిన అడ్డకర్ర, అంతే. కట్టడం ఎవరికైనా వచ్చు. ఒక జంపుకీ ఇంకో జంపుకీ మధ్య ఎంత దూరం వదలాలన్నదే విద్య. దౌడులో ఉన్న గుర్రం వేసే ఒక్క అంగ మన అడుగులు నాలుగు. ఆ అడుగు సరిగ్గా గజం ఉండాలి. జోడు జంపు ఉంటుంది, ఒకటి దూకగానే ఒకే ఒక్క అంగ వేసి రెండోది దూకాలి. దాని మధ్య ఎనిమిదడుగులు వదలాలి. గుర్రం దిగడానికి రెండు, అంగకి నాలుగు, మళ్ళీ లేవడానికి రెండు. ఎనిమిదడుగులు, ఎనిమిది గజాలు.

నా అడుగు గజానికి రావడానికి ఆయన నా రెండు కాళ్ళకీ సరిగ్గా గజం సాగేట్టు ఒక నూలుతాడు కట్టి, ఆ వేసవంతా మైదానం చుట్టూ నడిపించాడు. ఎక్కువ వేస్తే బోర్లా పడతాను. తక్కువ వేస్తే తాడు నేల మీద జీరాడుతుంది, వెనక నుంచి బెత్తం తగులుతుంది. వేసవి అయ్యేసరికి నిద్రలో లేపి నడవమన్నా గజమే పడేది. తాడు విప్పి నా చేతికిచ్చి ఆయన ఒక మాట చెప్పాడు. ఏటా షోకి ముందు ఒక్కసారి ఈ తాడు కట్టుకుని నడువు, కాలు మనిషికి చెప్పకుండా మారిపోతుంది అన్నాడు.

ఆయన బతికున్నన్నాళ్ళూ కట్టుకుని నడిచాను. ఆయన పోయాక రెండేళ్ళు నడిచాను. ఆ తరవాత తాడు పెట్టెలో పడింది. టేపు పట్టుకుని వంగి కొలిచే మాస్టర్లని చూసి నవ్వుకునే స్థితికి వచ్చాను. పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా ‘ఆయన కాలే కొలబద్ద’ అనేవారు. ఆ మాట చెవికి తియ్యగా ఉండేది. తియ్యటి మాట చెవిలో ఎక్కువకాలం నిలవుంటే చెవి చెడుతుంది.

మోకాలు

ఉద్యోగం చివరి ఏళ్ళలో ఒక గుర్రం తన్ని నా కుడి మోకాలు చితికింది. నాలుగు నెలల్లో నడిచాను. కుంటడం లేదు కాబట్టి బాగైపోయిందనుకున్నాను.

కాలేదని తెలిసిన మనిషి ఒకరున్నారు. ఒక ఆదివారం బజారుకి నడిచి వెళుతూ మా ఆవిడ అంది, ‘‘ఏటండీ, ఇదివరకు మీతో నడవాలంటే పరిగెత్తినట్టుండేది నాకు. ఇప్పుడు సుకంగా మీ పక్కనే నడిసొత్తన్నాను.’’

‘‘నీకిప్పటికి నడక వచ్చింది’’ అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ నాకు ఆ రోజు రిసాల్దారు సాహెబు చెప్పిన మాటే చెప్పింది. నేను వినలేదు.

మైనా

అప్పుడు మా లాయంలో మైనా అనే ఆడగుర్రం ఉండేది. పందేల నుంచి విరమించి వచ్చింది. తాటిబెల్లం రంగు, ఎత్తుగా, పొడుగు కాళ్ళతో ఉండేది. మిగతావన్నీ పొట్టి గుర్రాలు, సర్దుకుపోయే రకం. మైనాది మాత్రం పెద్ద అంగ. దాన్ని సాకింది దాలయ్య. కంచిలి దగ్గరివాడు, నాతో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. లాయంలో మిగతా అందరితో హిందీలో మాట్లాడి, మేమిద్దరం ఒకచోట కూర్చుంటే మాత్రం మా ఊళ్ళ మాటే మాట్లాడుకునేవాళ్ళం. నాకు ఈ ఊళ్ళో అతనికన్నా దగ్గరి స్నేహితుడు లేడు.

మైనాని ఎక్కే మనిషి గౌరి. సీతారాండేరాలో ఉండే తెలుగు కుటుంబంలోని అమ్మాయి, ముప్పై దాటాయి, ఒక కార్ఖానాలో క్రేన్ నడుపుతుంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. గుర్రం మీద తొందరపాటు లేని మనిషి. మైనా వేరెవరి కింద అయినా చిరాకుపడేది, గౌరి కింద పడేది కాదు.

నా మోకాలు తగ్గిన ఆ ఏడు చలికాలం మొదట్లో మైనా జోడు జంపు దగ్గర ఆగడం మొదలుపెట్టింది. మొదటిది దూకుతుంది, రెండోదాని ముందు కాళ్ళు బిగబట్టి నిలబడిపోతుంది. రెండు వారాల్లో ఐదుసార్లు ఆగింది. పొట్టి గుర్రాలు అదే జోడుని ఇబ్బంది లేకుండా దాటుతున్నాయి. కాబట్టి తప్పు మైనాదేనని తేల్చేశాను.

స్కూలు సెక్రటరీ నన్ను పిలిచాడు. లాయంలో ఉన్నవి పన్నెండు గదులు, కొత్త గుర్రం ఒకటి వస్తోంది, ఏదో ఒకటి వెళ్ళాలి. ‘‘షోలో మైనా ఎలా చేస్తుందో చూసి మీరే రాయండి. మీరు రాసిందే ఖాయం’’ అన్నాడు. అలా ఒక గుర్రం ఉండడమా పోవడమా అన్నది ఒక ఆదివారం ఉదయానికి, నా కలానికి వచ్చింది.

దాలయ్యకి చెప్పాను. అతను మైనా ముందుకాళ్ళు నాలుగుసార్లు తడిమి, లేచి నిలబడ్డాడు.

‘‘దీనికి జబ్బు నేదు, మొండితనమూ నేదు మేస్టారూ. అక్కడేదో ఇరుకుగుంటంది దీనికి. ఈ పాలికి తియ్యకండి. రెండో షోకి సూద్దాం.’’

‘‘ఇరుకేటి దాలయ్యా? మిగతా గుర్రాలకి నేని ఇరుకు దీనికేటి?’’ అన్నాను.

‘‘నాకు సెప్పడం రాదు. తియ్యకండి, అంతే.’’

పెంచిన ప్రేమ మాట్లాడుతోందనుకున్నాను. రెండో షో దాకా సెక్రటరీ ఆగడని కూడా అనుకున్నాను. అడిగి చూడలేదు.

టేపు

షో రోజు ఉదయం మంచు ఇంకా మైదానం మీద ఉండగానే నేను ఒక్కణ్ణీ నడిచి జంపులన్నీ కట్టించాను. తరవాత రైడర్లు కాలినడకన దారి చూసుకోవడానికి దిగారు. గుర్రమెక్కకముందు ఎవరైనా చెయ్యవలసిన పని ఇది. ఎవరి అడుగులు వాళ్ళు వేసుకుంటారు గాని, చివరికి మాస్టరు లెక్కే నమ్ముతారు.

గౌరి జేబులోంచి ఇనప టేపు తీసింది. జోడు జంపు మధ్య పరిచి, వంగి చూసి, నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించే చెప్పింది.

‘‘సర్, ఆఠ్ గజ్ నహీ హై. సాత్ భీ నహీ.’’

ఎనిమిది గజాలు లేవు, ఏడు కూడా లేవు. అప్పటికి ఇంకా అరగంట టైముంది. ఇద్దరు మనుషులు స్టాండ్లు జరిపితే రెండు నిమిషాల పని. కాని పక్కన పొరుగూరి నుంచి వచ్చిన మాస్టరు ఉన్నాడు, ఇనపకొట్టు పెద్దమనిషి ఉన్నాడు, అందరూ వింటున్నారు.

‘‘నీ టేపు కార్ఖానాలో పనికొత్తాది తల్లీ. ఈ మైదానంలో నా కాళ్ళే టేపు’’ అన్నాను.

అందరూ నవ్వారు. గౌరి కూడా నవ్వి టేపు జేబులో పెట్టుకుంది. దాలయ్య మాత్రం నవ్వలేదు. మైనా కళ్ళెం పట్టుకుని గేటు దగ్గర నన్నే చూస్తూ నిలబడ్డాడు.

పొట్టి గుర్రాలు ఆరు వెళ్ళాయి. ఒక్కటీ ఆగలేదు. ఏడో పేరు గౌరిది. మొదటి నాలుగు జంపులూ మైనా ఎంత హాయిగా దూకిందంటే, మాట్లాడుకుంటున్నవాళ్ళు కూడా ఆపి చూశారు. జోడుకి తిరిగింది. మొదటిది దూకింది. దిగిన చోట దానికి అంగ వెయ్యడానికి చోటు లేదు. ఈసారి ఆగనూ లేదు. పైనున్న మనిషి వెళ్ళమంటోంది కాబట్టి వెళ్ళింది. లేవడానికి జాగా లేక రొమ్ముతో అడ్డకర్రల్ని గుద్ది, వాటితో పాటే కూలింది. గౌరి దాని మెడ మీదుగా ఎగిరి భుజం మీద పడింది. డాక్టరు కుర్చీలోనే ఉన్నాడు కాబట్టి నిమిషంలో చేరాడు. గౌరికి మెడ కింద కాలర్ ఎముక విరిగింది. మైనాకి ముందుమోకాలి చర్మం ఊడింది, అయినా లేచి నిలబడి, కదలకుండా గౌరి పక్కనే ఆగింది.

ఆ సాయంత్రం గుర్రాల రిజిస్టరులో నా చేత్తో రాశాను. ‘మైనా. జంపులకి పనికిరాదు. మొండి. రైడరుకి ప్రమాదం.’

పదిరోజుల్లో దాన్ని జుగ్సలాయిలో పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు తిప్పే ఒకాయనకి ఇచ్చేశారు. లారీ వద్దని, దాలయ్యే దాన్ని అంతదూరం నడిపించుకుని వెళ్ళి అప్పగించి వచ్చాడు. వచ్చాక నాతో మామూలుగానే మాట్లాడాడు, హిందీలో.

తాడు

నెల తిరిగేసరికి కొత్త గుర్రం వచ్చింది. అదీ పొడుగుదే. మొదటివారంలోనే జోడు దగ్గరికి తీసుకెళ్ళాను. మొదటిది దూకింది, రెండోదాని ముందు కాళ్ళు బిగబట్టి నిలబడిపోయింది.

దాలయ్య గేటు దగ్గరున్నాడు. తల తిప్పుకుని లాయంలోకి వెళ్ళిపోయాడు.

రైడర్ని దింపి పంపేశాను. మధ్యాహ్నం భోజనాల వేళ, మైదానంలో ఎవరూ లేనప్పుడు, పెట్టె అడుగునుంచి తాడు తీసి కాళ్ళకి కట్టుకున్నాను. ఎప్పట్లా అడుగు వేశాను. తాడు నేల మీద పడి జీరాడింది. ఇంకోటి వేశాను, జీరాడింది. ఎనిమిదడుగులూ వేసి, టేపు తెచ్చి కొలిచాను. ఒక్కో అడుగుకీ ఐదంగుళాలు తక్కువ. ఎనిమిదింటికి నలభై అంగుళాలు. గుర్రం దిగి, అంగ వేసి, మళ్ళీ లేవవలసిన చోటులో నేను గజం పైగా దొంగిలించాను. పొట్టి గుర్రాలు ఎలాగో కాళ్ళు ముడుచుకుని సర్దుకున్నాయి. మైనా సర్దుకోలేకపోయింది. ఐదుసార్లు ఆగి నాకు ఆ సంగతే చెప్పింది.

మైదానం మధ్యలో కూర్చుండిపోయాను. ఆ వయసులో ఏడవడం చేతకాలేదు. సిగ్గు మాత్రం ఒళ్ళంతా పాకింది. బెత్తం పట్టుకుని వెనక నిలబడే మనిషి అవసరం ఇరవై ఏళ్ళవాడికన్నా అరవైకి దగ్గరపడ్డవాడికే ఎక్కువని ఆ రోజు తెలిసింది.

అదే సాయంత్రం సీతారాండేరా వెళ్ళాను. గౌరి చెయ్యి ఇంకా పట్టీలోనే ఉంది. వాళ్ళమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను కుర్చీలో కూర్చోకుండానే చెప్పాను, తప్పు నాదని, కొలత తప్పానని.

‘‘పతా థా, సర్’’ అంది. తనకి ముందే తెలుసట.

‘‘తెలిసి ఎందుకు దూకావమ్మా?’’

గౌరి, నాకు గుర్తున్నంతలో మొదటిసారి, తెలుగులో మాట్లాడింది. ‘‘మీరు సెప్పినారు కదండీ.’’

కొత్త మాస్టర్లు ఈ ఒక్కచోట ఆగి మళ్ళీ చదవండి. మన ముందు టేపు పెట్టి చూపించిన మనిషి కూడా, మనం కాదంటే టేపు జేబులో పెట్టుకుని ఎముక విరగ్గొట్టుకోవడానికి సిద్ధపడుతుంది. మాస్టరు మాటకుండే బరువు అది. దాన్ని నేను నలుగురిలో నవ్వించడానికి వాడుకున్నాను.

జుగ్సలాయి

మర్నాడు దాలయ్యకి అంతా చెప్పి, ఇద్దరం జుగ్సలాయి వెళ్ళాం. గోదాముల వెనక ఇరుకు సందు, సందు చివర రేకుల షెడ్డు. మైనా మెడలో అద్దాల కుట్టుపనితో ఎర్రటి పట్టీ ఉంది. పక్క షెడ్డులో బ్యాండువాళ్ళు డప్పులు వాయించి చూసుకుంటున్నారు. మైనా చెవి కూడా కదల్చలేదు.

దాన్ని మళ్ళీ ఇచ్చెయ్యమని యజమానిని అడిగాను. సెక్రటరీతో నేను మాట్లాడతానని, బదులుగా వేరే గుర్రాన్ని ఇప్పిస్తానని అన్నాను. ఆయన మంచివాడే గాని ఒప్పుకోలేదు. ఇంత బుద్ధిమంతురాలు నా దగ్గర ఇంతకుముందు లేదు, టపాసులు కాల్చినా పిల్లలు తోక లాగినా నిలబడుతుంది, దీన్ని ఎందుకు వదులుకున్నారో నాకు అర్థం కావడంలేదు అన్నాడు. రిజిస్టరులో మొండి అని నేను రాసింది ఈ గుర్రం గురించే.

దాలయ్య అప్పటికే కింద కూర్చుని మైనా ముందుకాలు తడుముతున్నాడు. తారురోడ్ల మీద తిరిగి తిరిగి, దెబ్బ తగిలిన మోకాలు వాచి ఉంది. నేను పదమన్నాను.

‘‘నాను రాను మేస్టారూ. దీని కాలు సూసేవోడు ఇక్కడెవుడూ నేడు.’’

‘‘నీ ఉద్యోగం ఏటవుతాది దాలయ్యా?’’

‘‘ఇరవై రెండేళ్ళలో నా మాట మీరు ఒక్కపాలీ తీసెయ్యనేదు’’ అన్నాడు, కాలు వదలకుండానే. ‘‘ఒక్కపాలి తీసేసినారు. ఆ ఒక్కపాలికీ ఇది పోనాది.’’

కోపంగా అనలేదు. కోపంగా అంటే బతిమాలేవాణ్ణి. అతను అక్కడే పనికి కుదిరాడు, నేను ఒంటరిగా వచ్చాను.

రిజిస్టరు

తరవాతి ప్రాక్టీస్ షో నేను పెట్టిన ఆఖరిది. రైడర్లు దారి చూసుకోవడానికి దిగేముందు అందర్నీ పిలిచి, వాళ్ళ ముందే కాళ్ళకి తాడు కట్టుకుని ఎనిమిదడుగులు నడిచాను. తాడు జీరాడడం అందరూ చూశారు. మైనాకి ఏమైందో, ఎందుకైందో చెప్పాను. ఇనపకొట్టు పెద్దమనిషి ‘‘ఛోడియే మాస్టర్‌జీ, హో జాతా హై’’ అన్నాడు. అవుతూ ఉంటుంది, వదిలెయ్యండి అని ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కాని వదిలేస్తూ వచ్చే ఇంతదాకా తెచ్చాను. రిజిస్టరు తెప్పించి, పాత పేజీలో నేను రాసిన మూడు మాటల కింద అందరి ముందూ రాశాను. ‘పై మాటలు తప్పు. గుర్రం మొండిది కాదు. జంపు కట్టినవాడు నలభై అంగుళాలు తప్పాడు.’ కింద సంతకం పెట్టాను. మీరు లాయం ఆఫీసులో చూడొచ్చు, పేజీ ఉంది.

తాడు గౌరి చేతికిచ్చాను. ఆమె దాన్ని షో పెట్టెలో పెట్టి, జేబులోంచి టేపు తీసి, ఒక కొస నాకు అందించింది. ‘‘సర్, యే పకడియే’’ అంది.

రిటైరయ్యాక కూడా ప్రతి షోకీ వెళుతున్నాను. గౌరి కొలుస్తుంది, సున్నా ఉన్న కొసని నేను మడమ కింద తొక్కిపట్టుకుంటాను. నాకిప్పుడు అప్పజెప్పిన పని అదొక్కటే, అది సరిగ్గానే చేస్తున్నాను. ఎనిమిది గజాలు అయ్యాక స్టాండ్లు పెడతారు. పొడుగు గుర్రాలు వచ్చి, మొదటిది దూకి, నిండుగా ఒక్క అంగ వేసి, రెండోది దాటి వెళ్ళిపోతాయి. అందరూ చప్పట్లు కొడతారు. నేను ఆ మధ్యలో ఉన్న మట్టినే చూస్తూ ఉంటాను. మైనా నన్ను ఐదుసార్లు అడిగింది ఆ కాస్త చోటే.